హైదరాబాద్ నుంచి సింగపూర్ క్రూయిజ్‌కు టైముకు చేరడం ఎలా?

క్రూయిజ్ టికెట్ మీద ‘సెయిలింగ్ 17:00’ అని కనిపిస్తుంది. చాలామంది ప్రయాణమంతా ఆ అంకె చుట్టూ అల్లుకుంటారు. అది ఓడ రేవు వదిలే వేళ. మీరు ఓడలో ఉండాల్సిన వేళ అంతకంటే గంటా గంటన్నర ముందే ఉంటుంది. విమానానికైతే గేటు దగ్గర పేరు పెట్టి పిలుస్తారు, ఒక్కోసారి నాలుగు నిమిషాలు ఆగుతారు కూడా. ఓడ ఆగదు. ఎక్కేవాళ్ళ తుది జాబితా ముందుగానే ఇమిగ్రేషన్‌కు వెళ్ళిపోతుంది, ఓడను రేవు దాటించే పైలట్, దాన్ని లాగే టగ్గు పడవలు, తర్వాతి ఓడ నిలపడానికి కేటాయించిన చోటు (బెర్తు) అన్నీ గడియారం ప్రకారం నడుస్తాయి. జాబితా మూశాక మీరు టెర్మినల్ గుమ్మంలో నిలబడి ఉన్నా లోపలికి పంపరు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎక్కువ కుటుంబాలు ఎక్కే విదేశీ క్రూయిజ్‌లలో సింగపూర్‌వి ఒకటి కాబట్టి ఆ దారినే తీసుకుని చెప్పుకుందాం. లెక్క వేసే పద్ధతి ఏ రేవుకైనా ఇదే.

1. ముందు మూసే వేళ కనుక్కోండి

బుకింగ్ పేపర్లో మూడు వేళలు ఉంటాయి: మీకు కేటాయించిన బోర్డింగ్ స్లాట్, చెకిన్ మూసే వేళ, ఓడ కదిలే వేళ. మనకు ముఖ్యం మధ్యది. కంపెనీని బట్టి అది ఓడ కదలడానికి 60 నుంచి 90 నిమిషాల ముందు ఉంటుంది. కనిపించకపోతే ఏజెంటును అడిగి మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో ‘సాయంత్రం దాకా టైముందిలెండి సార్’ అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ఆన్‌లైన్ చెకిన్ తెరిచిన రోజే చేసేస్తే మధ్యాహ్నపు మంచి స్లాటు దొరుకుతుంది. ఆలస్యం చేసినవాళ్ళకు చివరి స్లాట్లు మిగులుతాయి. అవి మూసే వేళకు మరీ దగ్గర.

2. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఓడ అక్కడి 17:00కి కదిలిందంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 2:30. చెకిన్ 15:30కి మూస్తారనుకోండి. సామాను అప్పగింత, సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ లైన్లకు రెండున్నర గంటలు పెట్టుకుంటే 13:00కల్లా టెర్మినల్లో ఉండాలి. హోటల్ నుంచి 12:15కి బయల్దేరాలి. హోటళ్ళు గది ఖాళీ చేయమనేదీ ఇంచుమించు 11, 12 గంటల మధ్యే కాబట్టి ఈ లెక్క ఇబ్బంది పెట్టదు.

ఇప్పుడు విమానం. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే ఫ్లైటుకు దాదాపు నాలుగున్నర గంటలు. ఇక్కడ రాత్రి 11కి ఎగిరితే అక్కడ తెల్లారి 6కి దిగుతుంది. ఓడ ఎక్కే రోజు పొద్దున్నే దిగితే మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఏడు గంటలు చేతిలో ఉన్నాయి కదా, ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది కదా అనిపిస్తుంది. ప్యాకేజీలు అమ్మేవాళ్ళలో కొందరు ఇలాగే కలిపి అమ్ముతారు.

మా మాట వినండి, ఇది కొనవద్దు. ఆ ఫ్లైటు రెండు గంటలు ఆలస్యమైతే ఏమీ కాదు, నిజమే. రద్దయితే? తర్వాతి నేరు ఫ్లైటు పగలు లేకపోతే మళ్ళీ ఆ రాత్రికే. అప్పటికి ఓడ వెళ్ళిపోయి ఉంటుంది. వేరే ఊరి మీదుగా మార్చి పంపుదామంటే సెలవుల సీజన్లో ఒకే పీఎన్ఆర్ మీద ఉన్న ఆరుగురికి సీట్లు ఒక్కచోట దొరకవు. అందుకే ఓడ ఎక్కే రోజుకు ముందు రోజు ఉదయానికే సింగపూర్‌లో దిగేలా చూసుకోండి. అంటే ఓడ 15వ తేదీ సాయంత్రమైతే 13 రాత్రి విమానం, 14 ఉదయం దిగడం, ఆ రాత్రి హోటల్. విమానం రద్దయినా 14 రాత్రిది పట్టుకుని 15 ఉదయానికి చేరే దారి ఒకటి ఉంటుంది. ఆ హోటల్ బిల్లును ఖర్చుగా కాకుండా క్రూయిజ్ టికెట్టుకు కట్టిన బీమాగా చూడండి.

3. టికెట్ మీద తేదీ రెండుసార్లు చదవండి

అర్ధరాత్రి దాటాక ఎగిరే ఫ్లైట్లతో వచ్చే చిక్కు ఇది. టికెట్ మీద ‘14, 00:40’ అని ఉంటే మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 13వ తేదీ సాయంత్రం. 14 రాత్రి పెట్టెలు సర్దుకుని వెళ్ళేసరికి విమానం వెళ్ళి ఒక పగలు గడిచిపోయి ఉంటుంది. క్యాలెండర్లో ‘13 రాత్రి 9:30కి శంషాబాద్‌లో ఉండాలి’ అని వారం పేరుతో సహా రాసుకుని ఇంట్లో అందరికీ వాట్సాప్‌లో పంపండి.

4. కనెక్టింగ్ ఫ్లైటయితే ఒకే పీఎన్ఆర్

చవగ్గా వస్తుందని హైదరాబాద్–చెన్నై ఒక టికెట్, చెన్నై–సింగపూర్ మరో కంపెనీ టికెట్ విడివిడిగా కొంటుంటారు. మొదటిది ఆలస్యమైతే రెండో కంపెనీకి దాంతో సంబంధం లేదు. మిమ్మల్ని రానివాళ్ళ కింద రాసేస్తుంది, తిరుగు టికెట్ కూడా అందులోనే ఉంటే అదీ రద్దయ్యే ప్రమాదం ఉంది. పైగా చెన్నైలో సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది, పెట్టెలూ నేరుగా సింగపూర్ చేరతాయి. విడి టికెట్లు తప్పనిసరైతే మధ్యలో కనీసం ఆరు గంటలు ఉంచుకోండి.

రుతువును కూడా చూడాలి. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ మీదుగా వద్దు, పొగమంచుకు విమానాలు గంటల తరబడి నిలిచిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం, చెన్నై మీదుగా వెళ్ళేవాళ్ళు ఒక రోజు అదనంగా పెట్టుకుంటే మంచిది. విశాఖ వాళ్ళకు సింగపూర్‌కు స్కూట్ ఎయిర్‌లైన్ నేరు విమానం ఉంది. మీ తేదీలకు సరిపోతే హైదరాబాద్ దాకా వచ్చే శ్రమే ఉండదు.

5. ఊరి నుంచి శంషాబాద్ దాకా

అంతర్జాతీయ ఫ్లైటుకు చెకిన్ కౌంటరు సాధారణంగా గంట ముందు మూస్తారు. మూడు గంటల ముందు టెర్మినల్లో ఉండేలా చూసుకోండి, పిల్లలూ వృద్ధులూ ఉంటే మరో అరగంట కలపండి.

సిటీలో ఉన్నవాళ్ళకు పుష్పక్ బస్సో క్యాబో సరిపోతుంది. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగి వచ్చేవాళ్ళు సాయంత్రం రద్దీలో గంటన్నర వేసుకోవాలి. రైలు షెడ్యూలు ప్రకారం విమానానికి ఎనిమిది గంటల ముందైనా సికింద్రాబాద్ చేరేలా ఉండాలి. విజయవాడ నుంచి కారులో వస్తే మామూలు రోజుల్లో ఐదారు గంటలు. సంక్రాంతి సెలవుల్లో క్రూయిజ్ పెట్టుకున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త: పండగ అయ్యాక జనమంతా హైదరాబాద్ తిరుగుముఖం పట్టే రెండు మూడు రోజులు 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు కిలోమీటర్ల కొద్దీ ఆగుతాయి. ఆ రోజుల్లో ముందు రోజే హైదరాబాద్‌లో చుట్టాలింటికి చేరిపోవడం మేలు.

6. కాగితాల వల్ల ఆగిపోకుండా

రోడ్డు మీద ఆలస్యాన్ని ఎలాగోలా పూడ్చుకోవచ్చు. కౌంటర్లో కాగితం లేదంటే చేయగలిగింది ఏమీ లేదు.

మొదటిది సింగపూర్ వీసా. మీరు సింగపూర్‌లోకి రెండుసార్లు వెళ్తున్నారు: విమానం దిగి ఒకసారి, ఓడ దిగి ఒకసారి. వీసా కాగితం మీద ఒకటి కంటే ఎక్కువ ప్రవేశాలకు అనుమతి ఉందో లేదో చూడండి. ఒక్కసారికే ఉంటే ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. ఏజెంటుకు దరఖాస్తు ఇచ్చేటప్పుడే క్రూయిజ్ బుకింగ్ జతచేయమనండి.

రెండోది ఎస్‌జీ అరైవల్ కార్డు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు సింగపూర్ ఇమిగ్రేషన్ వారి సైట్లో నింపాలి. ఇది ఉచితం. డబ్బులు అడిగిన సైటు కనిపిస్తే అది అసలుది కాదు. ఓడలో తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ కొత్తగా నింపాలి, మొదటిది పనికిరాదు. సముద్రం మీద నెట్ కోసం వెతుక్కోకుండా ఆఖరి రేవులో దిగినప్పుడే పని కానిచ్చేయండి. ఓడ మధ్యలో ఆగే మలేసియా, థాయ్‌లాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసిన రోజు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి ఆయా ప్రభుత్వాల సైట్లలో చూడండి.

పాస్‌పోర్టుకు క్రూయిజ్ ముగిసే రోజు నుంచి లెక్కేసి 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

ఇక పేర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కొక్కరిది ఒక్కోచోట ఉంటుంది. భర్తకు సర్‌నేమ్ గడిలో, భార్యకు పుట్టింటి ఇంటిపేరు, పిల్లాడికి ఆ గడి ఖాళీ. ఏజెంటు ఆధార్ చూసి పేరు కొట్టేస్తే క్రూయిజ్ టికెట్లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి అవుతుంది. టెర్మినల్లో దాన్ని సరిచేసేలోపు లైన్లో మీ వెనక ఉన్నవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోతారు. బుక్ చేసిన రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. అమ్మమ్మ తాతయ్యలతో మాత్రమే వెళ్తున్న పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి పత్రం కూడా ఉంచండి.

7. సింగపూర్‌లో ఏ రేవు?

సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్ళు రెండు. పెద్ద ఓడలు ఎక్కువగా కదిలేది మెరీనా కోస్టల్ డ్రైవ్‌లోని మెరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి. రెండోది హార్బర్‌ఫ్రంట్ దగ్గర వివోసిటీ మాల్ పక్కనున్న సింగపూర్ క్రూయిజ్ సెంటర్. ‘క్రూయిజ్ సెంటర్’ అని మాత్రమే చెబితే డ్రైవరు రెండో దానికి తీసుకెళ్ళవచ్చు. బుకింగ్ పేపర్లో ఉన్న పూర్తి పేరు చూపించండి. మెరీనా బే శాండ్స్ హోటల్ ఇంకోటి, దానికీ టెర్మినల్‌కూ పేరులో పోలికే తప్ప సంబంధం లేదు.

చాంగీ విమానాశ్రయం నుంచి మెరీనా బే టెర్మినల్‌కు ట్యాక్సీలో 20–25 నిమిషాలు, లిటిల్ ఇండియా హోటళ్ళ నుంచి కూడా ఇంచుమించు అంతే. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు, ఆరుగురికి పెద్ద బండి ముందుగా బుక్ చేసుకోవాలి. ఎంఆర్‌టీలో (అక్కడి మెట్రో రైలు) మెరీనా సౌత్ పియర్ స్టేషన్ దిగితే టెర్మినల్‌కు నడక దూరమే. ఒక చిన్న బ్యాగుతో వెళ్ళేవాళ్ళకు అది భేషుగ్గా ఉంటుంది, నాలుగు పెద్ద పెట్టెలతో రైళ్ళు మారడం మాత్రం వద్దు. ఆగస్టు 9 సింగపూర్ జాతీయ దినం. ఆ రోజుల్లో, ఫార్ములా వన్ రేసు జరిగే వారంలో మెరీనా బే చుట్టూ రోడ్లు మూస్తారు, గంట అదనంగా వేసుకోండి.

8. టెర్మినల్లో

పెద్ద పెట్టెలకు కంపెనీ పంపిన ట్యాగులు ప్రింటు తీసి, హోటల్లోనే స్టేపుల్ చేసి తగిలించండి. ఆ పెట్టెలు గుమ్మం దగ్గరే తీసుకుంటారు, సాయంత్రానికి గది ముందుకు వస్తాయి. పాస్‌పోర్టు ఆ పెట్టెలో పెట్టి అప్పగించేవాళ్ళు ప్రతి ఓడకూ ఒకరిద్దరుంటారు. దాన్ని వెతికి తీసేసరికి ప్రాణం పోతుంది. పాస్‌పోర్టులు, బీపీ షుగరు మందులు, పిల్లలకు ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, అన్నం కుక్కర్ ఓడల్లోకి రానివ్వరు. పెట్టెలో దొరికితే ఆపి మిమ్మల్ని పిలుస్తారు. ఆవకాయ సీసా తెచ్చుకునేవాళ్ళు మీ కంపెనీ నిబంధనల్లో ఇంట్లో వండినవాటి గురించి ఏముందో చదవండి.

9. మధ్య రేవుల్లో కూడా ఇదే లెక్క

ఓడను అందుకోలేకపోయేది మొదటి రోజే కాదు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ గడియారం సింగపూర్‌కంటే గంట వెనక. ఒడ్డుకు దిగగానే ఫోన్ తనంతట తానే అక్కడి టైముకు మారిపోతుంది, ఓడ మాత్రం తన టైముకే కదులుతుంది. రెండూ ఒకటేనా అని దిగేటప్పుడు సిబ్బందిని అడిగి, చేతి గడియారాన్ని ఓడ టైము మీదే ఉంచండి. ఫుకెట్‌లోని పటోంగ్ బీచ్ దగ్గర ఓడ దూరంగా లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తుంది, చివరి పడవ వేళ వేరే ఉంటుంది. మలేసియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో దిగి సొంతంగా కౌలాలంపూర్ వెళ్తే ఒకవైపే గంటకు పైగా పడుతుంది, సాయంత్రం రద్దీలో ఇంకా ఎక్కువ. ఓడ వాళ్ళ సొంత టూరు ఆలస్యమైతే వాళ్ళే చూసుకుంటారు, మీ ట్యాక్సీ ఆలస్యమైతే ఎవరూ ఆగరు.

10. ఆలస్యం ఖాయమని తేలితే

విమానాశ్రయంలో కూర్చునే బుకింగ్ పేపర్లోని అత్యవసర నంబరుకు ఫోన్ చేసి ఫ్లైటు నంబరు, ఎంతమంది, ఎన్నింటికి దిగుతున్నారో చెప్పండి. తర్వాతి రేవులో ఎక్కించమని అడగవచ్చు, కానీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పినాంగ్ లాంటి తర్వాతి రేవుకు విమాన టికెట్ కొనవద్దు. ఒప్పుకోకపోతే ఆ డబ్బూ పోతుంది. ఎయిర్‌లైన్ దగ్గర ఆలస్యం లేదా రద్దు ధ్రువపత్రం అక్కడికక్కడే తీసుకోండి, బీమా క్లెయిముకు అదే ఆధారం. పాలసీ కొనేముందు ‘ఫ్లైటు ఆలస్యం’తో పాటు ‘క్రూయిజ్ అందుకోలేకపోవడం’ కూడా ఉందేమో చూడండి. మొదటిది ఒక్కటే ఉంటే చేతికొచ్చేది చిన్న మొత్తమే.

11. తిరుగు ఫ్లైటు

ఓడ ఉదయం 7కి రేవు చేరినా వెంటనే దింపరు. డెక్కుల (ఓడ అంతస్తుల) వారీగా పిలుస్తారు, పెట్టెలు వెతుక్కోవాలి, మళ్ళీ ఇమిగ్రేషన్. బయటపడేసరికి 10 అవుతుంది. మధ్యాహ్నం 2కి ముందు ఎగిరే ఫ్లైటు కొనవద్దు. రాత్రి ఫ్లైటయితే పెట్టెలు చాంగీలోని లగేజీ కౌంటర్లో డబ్బు కట్టి వదిలేసి, లిటిల్ ఇండియాలోని ముస్తఫా షాపింగ్ సెంటర్లో మిగిలిపోయిన షాపింగ్ చేసుకోవచ్చు.