పాలమూరులో అద్దె, హైదరాబాద్‌లో పని

వారంలో రెండు మూడు రోజులే హైదరాబాద్‌లో డ్యూటీ ఉండి, మహబూబ్‌నగర్‌లో (అదే పాలమూరులో) ఇల్లు తీసుకోవాలనుకునేవాళ్లు అద్దె కన్నా ముందు ఆఫీసు ఎటువైపో చూసుకోండి. కాచిగూడ వైపైతే రైలు సుఖం, స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో రూమ్ వెతకండి. మెహిదీపట్నం వైపైతే బస్సే నయం. హైదరాబాద్ పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్ దాకా పోకుండా ఆరాంఘర్‌లో దిగిపోవచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్, అంటే ప్రయాణం ఉచితం కదా, ఆధార్ మాత్రం బ్యాగులోనే ఉంచండి. సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాల్సిందే.

ఇల్లు చూసేటప్పుడు కరెంట్ మీటర్ ముందు నిలబడి, "ఇది మా పోర్షన్ ఒక్కదానికేనా?" అని అడగండి. ఓనర్‌తో కలిపి ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి ఎక్కువ రేటుండే పై స్లాబ్‌లో పడతాయి, మీరు ఊళ్లో లేని రోజులకూ చేతి చమురు వదులుతుంది. నల్లా ఏ టైంకి వస్తుందో, మీరు లేనప్పుడు సంపు ఎవరు నింపుతారో కూడా ముందే తేల్చుకోండి. ఎండాకాలంలో అసలు తగాదా అక్కడే మొదలవుతుంది.

అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అనుకోకండి, తెలంగాణలో అద్దె ఎంతకాలానికైనా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. అడ్వాన్స్ మాత్రం చేతికి ఇవ్వకుండా ఫోన్‌లోనే పంపండి.