పాత మంగలి కత్తిని బాగుచేయించే ముందు

పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్ల పాత పెట్టెల్లో తాతల నాటి మంగలి కత్తి దొరికితే, దానిపై కత్తులకు పేరొందిన ఇంగ్లండు షెఫీల్డ్ ముద్రో జర్మనీ జోలింగెన్ ముద్రో చూసి మురిసి వెంటనే సానకు ఇవ్వకండి. పిడి పగిలినా, దాని మేకు వదులైనా మార్చుకోవచ్చు. వెన్ను మీది పైపై తుప్పుకు నూనె, సన్నని గరుకు కాగితం చాలు. అసలు చూడవలసినది అంచు. దానిని బొటనవేలి గోరుపై ఏటవాలుగా, అతి తేలికగా ఆనించి నెమ్మదిగా జరిపితే, ఉక్కు కొద్దిగా వంగి, కంటికి కనబడని వెంట్రుకవాసి పగులు కూడా అక్కడ నల్లని గీతలా తెరుచుకుంటుంది. పగులుంటే ఆ కత్తిని గడ్డానికి వాడకుండా, జ్ఞాపకంగా దాచుకోండి. ఒక మిల్లీమీటరు లోపు పెచ్చు మాత్రమే ఊడితే, సానరాయిపై ఓపికగా అరగదీసి సరిచేయవచ్చు. అంచు నీలంగా మారి ఉంటే మాత్రం ఎవరో గ్రైండరుపై వేడెక్కించారన్నమాట. ఆ ఉక్కుకు పదును నిలవదు.