చందానగర్ నుంచి బేగంపేట: బండిని వారానికి మూడు రోజులు ఇంట్లో ఉంచడం ఎలా

మా ఇల్లు హైదరాబాద్ చందానగర్‌లో, ఆఫీసు బేగంపేటలో. పోను 18 కిలోమీటర్లు, రాను 18. ఆరేళ్లు స్కూటీ మీదే తిరిగాను. ఒకరోజు ఇంటికొచ్చి మొహానికి కట్టుకున్న తెల్ల చున్నీ విప్పితే, సరిగ్గా ముక్కు దగ్గర బూడిదరంగు మచ్చ. ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర నేను పీల్చిన పొగ అది. అందులో నా బండి వాటా కూడా ఉందని ఆ రోజే గట్టిగా తట్టింది. ఆ తర్వాత ఏడాదిన్నరగా నేను చేసినవి చెబుతాను. మీ దారి వేరైనా పద్ధతి పనికొస్తుంది.

ముందు మీ వాటా ఎంతో లెక్క వేసుకోండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. "లీటరు పెట్రోలు కిలో కూడా తూగదు కదమ్మా, 2.3 కిలోలు ఎలా వస్తుంది?" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. పెట్రోల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఎక్కువైన బరువు ఆ ఆక్సిజన్‌దే. నా బండి లీటరుకు 45 ఇస్తుంది. రోజుకు 36 కిలోమీటర్లంటే 0.8 లీటరు. నెలకు 22 పనిరోజులకు పదిహేడున్నర లీటర్లు, అంటే 40 కిలోల పైమాటే. ఆ అంకె చూశాక ఊరుకోలేకపోయాను.

అయినా బండి మానేస్తానని ఒట్టు పెట్టుకోకండి. వారంలో రెండు రోజులు ఎంచుకోండి. నేను మంగళవారం, గురువారం పెట్టుకున్నాను. సోమవారం ఆఫీసులో హడావుడి, శుక్రవారం వచ్చేటప్పుడు సరుకులు తేవాలి. ఆ రెండు రోజులూ కుదురుకున్నాక, మూడో నెలలో బుధవారం కలిపాను.

అలవాటు ఎక్కువగా తప్పేది ఇంటికీ స్టేషన్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలోనే. మా ఇంటి నుంచి చందానగర్ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ 1.2 కిలోమీటర్లు. మొదట్లో అంత దూరానికీ బండే తీశాను. కానీ చల్లారిన ఇంజన్ మొదటి కిలోమీటరులోనే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగా ఎక్కువే. అందుకే ఒక ఆదివారం ఆ దారంతా నడిచి చూశాను. మెయిన్ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. గుడి వెనక సందులోంచి వెళితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది గానీ చెట్ల నీడ ఉంది, బళ్ల భయం లేదు. అదే సందులో సాయంత్రం ఏడున్నరకు మళ్లీ నడిచాను. వీధి దీపాలు వెలుగుతున్నాయా, మూత లేని డ్రైనేజీ ఎక్కడుంది, కుక్కలు ఏ మలుపులో ఉంటాయి, అన్నీ చూసుకున్నాను. మీరూ సెలవు రోజున, మీరు వెళ్లే టైముకూ వచ్చే టైముకూ, రెండుసార్లు నడిచి చూడండి. ఆడవాళ్లకైతే రెండోసారి మరీ ముఖ్యం. ఇప్పుడు నాకు పదహారు నిమిషాల నడక. చెప్పులు వద్దు, షూ వేసుకోండి.

ఎంఎంటీఎస్ మెట్రోలాగా కొద్ది నిమిషాలకొకటి రాదు. కాబట్టి మీకు పనికొచ్చే రైలునూ దాని ముందు రైలునూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. టైమింగ్స్ మారుతుంటాయి, అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. రైలెక్కాక బేగంపేటకు అరగంట, కాస్త అటూ ఇటూ. లేడీస్ కోచ్ ఉంటుంది. రోజూ వెళ్లేవాళ్లు నెల సీజన్ టికెట్ తీసుకుంటే క్యూలో నిలబడే పని తప్పుతుంది.

రైలు తప్పిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండాలి. లేకపోతే ఆ టెన్షన్‌లో మళ్లీ ఇంటికెళ్లి బండి తీస్తాం. నేను 218 బస్సెక్కి మియాపూర్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట వరకు వెళ్లి, అక్కడ రైలు మారతాను. బేగంపేట దాని తర్వాతి స్టేషనే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. అయినా జీరో టికెట్ అడిగి తీసుకోండి, తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి.

ఇంకో చిన్న పని. పొద్దున్నే చెయ్యి దానంతటదే బండి తాళం వైపు వెళ్తుంది. అందుకని ముందు రోజు రాత్రే తాళం బీరువాలో పెట్టి, రోజూ తాళం తగిలించే కొక్కేనికి గొడుగూ కార్డులున్న పర్సూ తగిలిస్తాను. నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

బండి తీసే రోజుల్లో: రెండు వారాలకోసారి, బండి నడిపి వేడెక్కకముందే టైర్లలో గాలి చూపించండి. గాలి తగ్గితే మైలేజీ పడిపోతుంది. సిగ్నల్ దగ్గర అర నిమిషానికి మించి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపండి. మందుల షాపు, రైతుబజారు, టైలరు, అన్నీ ఒకే తిరుగుడులో ముగించండి. మా ఆఫీసులో ఒకమ్మాయిది మియాపూర్. శుక్రవారాలు నా బండి వెనకాలే వస్తుంది, రెండు బళ్ల బదులు ఒకటే రోడ్డెక్కుతుంది.

ఎలక్ట్రిక్ బండి కొనొచ్చుగా అని చాలామంది అడిగారు. కొత్త బండి తయారీకీ బోలెడు కరెంటూ లోహాలూ కావాలి. నేను వారానికి రెండు రోజులే తీసే బండి ఇంకా బాగానే నడుస్తోంది. అది పాతబడ్డాక తప్పకుండా ఎలక్ట్రిక్‌దే కొంటాను. రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరగక తప్పనివాళ్లు మాత్రం ఇప్పుడే ఆలోచించడం మంచిది.

ఇక పండగ ప్రయాణాలు. మా అత్తగారిది రాజమండ్రి. ఇంతకుముందు మేమిద్దరమూ, అబ్బాయీ కారులోనే వెళ్లేవాళ్లం. ఒక్క రానుపోను ప్రయాణంతో నేను నెలల తరబడి రైలెక్కి మిగిల్చినదంతా పోతుందని లెక్కలో తేలింది. రైలు టికెట్ల కోసం ఆఖర్లో వెతికితే దొరకవు, దాంతో మళ్లీ కారే గతి అవుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తున్నారు. జనవరి 13న బయలుదేరాలంటే నవంబరు 14న, 17న తిరిగి రావాలంటే నవంబరు 18న బుక్ చేయాలి. మా వంటింటి క్యాలెండర్‌లో ఆ రెండు తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. ఆ రెండు రోజులూ ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చునే పని మా అబ్బాయిది.