ఫాల్ కలర్స్ క్రూజ్: ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

చెట్ల ఆకులు రంగు మారే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బోస్టన్ నుంచో న్యూయార్క్ నుంచో బయల్దేరే ఓడలు అమెరికాలోని పోర్ట్‌లాండ్, కెనడాలోని సెయింట్ జాన్, హాలిఫాక్స్ రేవులు చూపించి తీసుకొస్తాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వీటికి తీసుకెళ్లాలనుకుంటే, టికెట్ కంటే ముందు కెనడా వీసా సంగతి తేల్చుకోండి.

ఈ ఓడల్లో చాలావరకు వేరే దేశాల జెండా కింద తిరిగేవే. అలాంటి ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో విదేశీ రేవు తాకకుండా తిప్పి తేవడానికి 1886 నాటి చట్టం ఒప్పుకోదు. అందుకే ప్రతి ట్రిప్పులో కెనడా రేవు ఒకటైనా ఉంటుంది. "మేం అక్కడ దిగంలెండి" అంటే కుదరదు. వీసా లేకపోతే ఎక్కే రోజు చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు, కట్టిన డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. వేలిముద్రలు ఇవ్వాలి, పాస్‌పోర్టు పంపాలి కాబట్టి కొన్ని నెలల ముందే అప్లై చేయండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉంటే చాలు.

పాస్‌పోర్టులో హెచ్-1బి (ఉద్యోగ వీసా) స్టాంపు గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుతుంటే, కెనడాకు మాత్రమే వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్లను ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద రానిస్తారు. చెక్-ఇన్ కౌంటర్లో అందరికీ ఈ నియమం తెలియదు. దాని ప్రింటు, ఐ-94 ప్రింటు దగ్గర పెట్టుకోండి. కెనడాలో ఉండగా అమెరికా వీసాకు అప్లై చేస్తే మాత్రం ఇది వర్తించదు. పెద్దవాళ్ల ఐ-94కి ఈ ప్రయాణంతో కొత్తగా ఆరు నెలలు వస్తాయని లెక్కేసుకోకండి.

ఇక రంగులు. నడిసముద్రం నుంచి ఆకుల రంగు కనిపించదు, ఒడ్డు దిగి చెట్ల మధ్యకు వెళ్లాల్సిందే. కెనడాలోని క్యూబెక్ వైపు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పండుతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో అక్టోబరు మధ్యకు. ఒకే ట్రిప్పులో రెండు చోట్లా నిండుగా దొరకడం కష్టం, ఏది ముఖ్యమో తేల్చుకుని తేదీ ఎంచుకోండి. మెయిన్‌లోని అకేడియా పార్కు కోసమే వెళ్తుంటే దాని పక్కనున్న బార్ హార్బర్ రేవు నిజంగా జాబితాలో ఉందో లేదో చూడండి. ఓడల నుంచి రోజుకు 1,000 మంది కంటే ఎక్కువ దిగకూడదని 2022లో ఆ ఊరివాళ్లు ఓటేశారు. పైగా అక్కడ చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. అలలు పెద్దవైతే ఆ రేవు వదిలేస్తారు.

చాలామంది దెబ్బతినేది గడియారం దగ్గర. హాలిఫాక్స్, సెయింట్ జాన్ సమయం బోస్టన్ కంటే గంట ముందుంటుంది. ఫోన్ దానంతటదే మారిపోతుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. చేతివాచీని ఓడ సమయానికి పెట్టి, దాన్నే నమ్మండి. ఆఖరి పిలుపుకు గంట ముందే రేవుకు చేరేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

హాలిఫాక్స్ నుంచి పెగ్గీస్ కోవ్ లైట్‌హౌస్‌కి వెళ్తే తడిసి నల్లగా ఉన్న రాళ్ల మీద కాలు పెట్టొద్దు. సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి ఒక్క పెద్ద అల లాగేస్తుంది, అలా ప్రాణాలు పోయాయి. ఫోటో పొడి తెల్లరాళ్ల మీద నిలబడే తీయించుకోండి.

అట్లాంటిక్ తుపాన్ల కాలం నవంబరు 30 దాకా ఉంటుంది. 2022 సెప్టెంబరు 24న ఫియోనా తుపాను నోవా స్కోషియానే తాకింది. గాలి ఎక్కువైతే కెప్టెన్ రేవు మార్చేస్తాడు, దానికి పరిహారం అడగలేం. గది మధ్య భాగంలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. వాంతులకు మెక్లిజిన్ బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. ప్రోస్టేట్, గ్లాకోమా ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. విజిటర్ ఇన్సూరెన్సు ఓడలోనూ, కెనడాలోనూ పనిచేస్తుందా, హెలికాప్టర్లో తరలిస్తే ఇస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

ఇంట్లో వండిన పులిహోర, కుక్కర్, కెటిల్ ఓడలోకి సాధారణంగా రానివ్వరు. సీలు తియ్యని పొడులు, పచ్చళ్ల ప్యాకెట్లు ఫర్వాలేదు, కానీ పండ్లూ ఓడలో మిగిలిన తిండీ రేవులో దింపొద్దు. శాకాహారం సంగతి బుకింగ్‌లోనే చెప్పి, మొదటి రాత్రి డైనింగ్ హాల్లో మరోసారి గుర్తు చేస్తే మర్నాటికి పప్పూ కూరా వండిపెట్టే అవకాశం ఉంటుంది.

ఒడ్డు దిగిన ప్రతిసారీ పాస్‌పోర్టు, రెండు రోజుల మందులు, ఆ రోజు ఓడ వాళ్లిచ్చే కాగితం మీదున్న పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరు పెద్దవాళ్ల జేబులోనే ఉండాలి, మీ బ్యాగులో కాదు.