‘నే’ అంటే అవునా, కాదా?

మనకు ‘నే’ అంటే నేనే. ‘నే వస్తా, నువ్వు పడుకో’ అంటాం. ఐరోపాలో మాత్రం సరిహద్దు దాటితే చాలు, ఇదే అక్షరం మాట మార్చేస్తుంది.

సమస్య: ఏథెన్స్‌లో ఒక కొట్లో నీళ్ల సీసా ఉందా అని అడిగారు. ‘నే’ అన్నాడు. లేదు కాబోలని బయటికొచ్చేశారు. అతనేమో సీసా పట్టుకుని వెనక నుంచి కేకేస్తున్నాడు.

కారణం: గ్రీకులో ‘నే’ అంటే అవును. కాదనడానికి ‘ఓహి’ అంటారు. పైనున్న బల్గేరియా, సెర్బియా, చెక్ దేశాల్లో ‘నే’ అంటే కాదు. ఆ ‘నే’కీ, సంస్కృతం ‘నాస్తి’లో ముందున్న ‘న’కీ మూలం ఒకటే. గ్రీకు ‘నే’కి ఆ చుట్టరికం లేదు, వినడానికే ఒకలా ఉంటుంది.

పరిష్కారం: గ్రీసులో ‘ఓహి’ వినబడేదాకా కదలకండి. తల ఊపు చూసి తేల్చుకుందామంటే ఇంకా చిక్కు. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును, పైకీ కిందికీ ఆడిస్తే కాదు. మన తల ఊపుడు ఎటూ తేలదు కదా, అది కూడా తోడైతే ఇద్దరికీ టెన్షనే. బల్గేరియాలో నోటి మాటే నమ్మండి: ‘దా’ అవును, ‘నే’ కాదు.

సమస్య: ప్రాగ్‌లో స్నేహితుడు ఫోన్లో ‘నో, నో’ అంటూనే పనికి ఒప్పేసుకున్నాడు.

కారణం: చెక్‌లో అవునుకు మాట ‘అనో’. మాటల్లో దాని తల తెగి ‘నో’ మిగులుతుంది. మన ‘ఊఁ’ లాంటిదే.

సమస్య: ఇస్తాంబుల్‌లో టీ వద్దని ‘నే’ అన్నారు. అడిగినాయన అదే ప్రశ్న మళ్లీ గట్టిగా అడిగాడు.

కారణం: టర్కిష్‌లో ‘నే’ అంటే ‘ఏంటి?’. మీకు వినబడలేదనుకున్నాడు, పాపం. ‘హయిర్’ అనండి.

సమస్య: ఎస్పరాంతో అనే కృత్రిమ భాష నేర్చుకుంటున్నారు. ‘మి నే వేనిస్’ అని చూడగానే మీరా, నేనా అని తికమక.

కారణం: అక్కడ ‘మి’ అంటే నేను, ‘నే’ అంటే కాదు. నేను రాలేదు అని అర్థం. 1887లో జామెన్‌హాఫ్ ఈ భాషను బయటపెట్టినప్పుడు జవాబుకీ, వాక్యం మధ్యలో వ్యతిరేకానికీ ఈ ఒక్క మాటే పెట్టాడు. 1907లో దీన్ని సంస్కరించి తెచ్చిన ఇడోలో రెండూ విడిపోయాయి: జవాబుకి ‘నో’, వాక్యంలో ‘నే’.

పరిష్కారం: ‘నే’ ఏ మాట ముందుంటే దాన్నే కాదంటుందని గుర్తుపెట్టుకోండి. ‘చీఉయ్’ అంటే అందరూ. ‘నే చీఉయ్ వేనిస్’ అంటే కొందరే వచ్చారు. ‘చీఉయ్ నే వేనిస్’ అంటే ఒక్కరూ రాలేదు. తెలుగులో రెంటికీ ‘అందరూ రాలేదు’ అనేసి ఊరుకుంటాం, అందుకే మనకిక్కడ ఎక్కువ తప్పులొస్తాయి.