గోల్ఫ్ డ్రైవర్ ఎంపిక, నాలుగో పాఠం: మీరు వదిలేసిన మూడు బంతులు

పాత డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టడానికి వాడే పొడవైన క్లబ్‌తో) వరుసగా పది బంతులు కొట్టి, ప్రతి బంతి గాలిలో ఎంత దూరం వెళ్లిందో, ఫేస్ (క్లబ్ తలలో బంతికి తగిలే ముఖం) మీద ఎక్కడ తగిలిందో రాసుకోమని గత పాఠంలో చెప్పాను. చాలామంది ఏడెనిమిది బంతుల లెక్క మాత్రమే రాసి, మిగిలినవి సరిగ్గా తగలలేదు కాబట్టి వదిలేశామన్నారు. ఈ రోజు షాఫ్ట్ (క్లబ్ కర్ర) గురించి చెప్పవలసి ఉంది, కానీ ఈ పొరపాటు సరిదిద్దకుండా ముందుకు వెళ్లడం వృథా.

డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని, ఫేస్ బంతిని ఎగదోసే శక్తి ఒక హద్దు మించకూడదని గోల్ఫ్ ఆటను నియంత్రించే యు.ఎస్.జి.ఎ., ఆర్ అండ్ ఎ సంస్థల నియమాలు చెబుతున్నాయి. మీ పాత డ్రైవర్ మరీ పాతకాలపుది కాకపోతే, ఫేస్ నడిమధ్యన అది ఇప్పటికే ఆ హద్దుకు దగ్గరగా ఉండి ఉంటుంది. అందువల్ల నడిమధ్యన తగిలిన బంతికి కొత్త క్లబ్ పెద్దగా కలిపేదేమీ ఉండదు. అది మేలు చేస్తే, పక్కకు తగిలిన బంతి విషయంలోనే చేయాలి. ఆ బంతులనే లెక్కలోంచి తీసేస్తే, దేనికోసం కొంటున్నారో దాన్నే కొలవకుండా వదిలేసినట్టు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత డ్రైవర్‌తో గాలిలో వెళ్లిన దూరం గజాలలో 214, 209, 221, 187, 216, 211, 192, 218, 207, 213 అనుకోండి. కొత్తదానితో 231, 226, 174, 228, 169, 224, 219, 181, 229, 222 వచ్చాయనుకోండి. పాతదానిలో రెండు, కొత్తదానిలో మూడు తగ్గు దూరాలు కొట్టివేస్తే సగటులు 213.6, 225.6 అవుతాయి, పన్నెండు గజాల లాభం కనిపిస్తుంది. పదీ లెక్కేస్తే 208.8, 210.3. నిజమైన తేడా గజంన్నర మాత్రమే. పైగా కొత్తదాని తప్పు దెబ్బలు పాతదానికంటే దారుణంగా ఉన్నాయి. సాధారణంగా దీనికి కారణం పొడవు: పాతది 44.5 అంగుళాలు, కొత్తది 45.75 అయితే ఫేస్ నడిమధ్యన తగిలించడం కష్టమవుతుంది. నేనైతే గ్రిప్‌ను (చేత్తో పట్టుకునే పిడిని) ఒక అంగుళం కిందికి పట్టుకుని మళ్లీ పది కొడతాను. షాఫ్ట్ కోయించడం గురించి ఆ తర్వాతే ఆలోచిస్తాను.

ఇక నాకు అమితంగా విసుగు తెప్పించే వల ఒకటుంది. కొత్త డ్రైవర్ తమ స్లైస్‌ను (కుడిచేతి ఆటగాడి బంతి కుడికి వంగిపోవడాన్ని) నయం చేసిందని చెప్పిన వారిలో కొందరు స్లీవ్‌ను (తలను షాఫ్ట్‌కు కలిపే, తిప్పి సర్దుకోగల భాగాన్ని) లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) పెరిగే వైపు తిప్పి పరీక్షించారు. స్లీవ్‌ను అలా తిప్పితే, తలను నేల మీద సహజంగా ఆనించినప్పుడు కుడిచేతి ఆటగాడికి ఫేస్ ఎడమకు మూసుకుంటుంది. మూసుకున్న ఫేస్‌ను చేత్తో లక్ష్యం వైపు తిన్నగా తెచ్చి పట్టుకున్నప్పుడే లాఫ్ట్ పెరుగుతుంది. తిన్నగా తేకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలి కొడితే లాఫ్ట్ దాదాపు మారదు, దిశ మాత్రం మారుతుంది. అంటే స్లైస్ తగ్గించినది ఎడమకు తిరిగిన ఫేస్. కొత్త తల ప్రతిభ కాదు. పాత డ్రైవర్‌కు స్లీవ్ లేకపోతే ఈ పోలిక మరీ అన్యాయం. కాబట్టి కొత్తదాని స్లీవ్‌ను ముందు దాని మూల గుర్తు దగ్గర ఉంచి కొట్టండి. మరో విషయం: బంతి ఫేస్ హీల్ (షాఫ్ట్‌కు దగ్గరి చివర) వైపు తగిలితే కుడికి వంగే స్పిన్ దానంతటదే వస్తుంది, టో (షాఫ్ట్‌కు దూరపు చివర) వైపు తగిలితే ఎడమకు వంగుతుంది. ఫేస్ మీద బంతి తగిలిన గుర్తులన్నీ హీల్ వైపే ఉంటే ముందు చూడవలసినది నిలబడే దూరం, క్లబ్ కాదు.

అభ్యాసం: మూడు వేర్వేరు రోజుల్లో, రోజుకు ముప్పై బంతులు, ఒకటి పాతదానితో, ఒకటి కొత్తదానితో మార్చి మార్చి కొట్టండి. ఒకే రకం బంతులు, ఒకే టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) ఎత్తు వాడండి. బంతి మీద క్లబ్ తగిలే వైపున వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెడితే ఫేస్ మీద తగిలిన చోట అచ్చు పడుతుంది. ప్రతి దెబ్బ తర్వాత దాన్ని నమోదు చేసి తుడవండి. తొంభై వరుసలూ నిండకుండా పట్టిక పంపవద్దు.