కొత్త పిల్లి ఇంట్లో ఇమడటం లేదా? సమస్య - కారణం - పరిష్కారం

పోయిన వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన పిల్లికూనను పైకి తెచ్చి, నేరుగా హాల్లో వదిలాం. ఇంట్లో అప్పటికే చిట్టి అని ఆరేళ్ల పిల్లి, ఒక కుక్క, ఐదేళ్ల మా పాప ఉన్నారు. అందరూ ఒక్కసారే చుట్టూ మూగారు. పాపం ఆ కూన వాషింగ్ మెషిన్ వెనక దూరి పొద్దుపోయేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత మేం పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ఆ తొందర వల్ల వచ్చినవే. మీ ఇంట్లో ఏది తేడాగా కనిపిస్తోందో అక్కడి నుంచి చదవండి.

మంచం కింద నుంచి రాదు, తిండి ముట్టదు

భయమే కారణం. పిల్లి తన చోటును వాసనతో గుర్తుపడుతుంది. కొత్త ఇంట్లో తన వాసన ఎక్కడా లేదు కాబట్టి ఇరుకు సందు చూసుకుని దాక్కుంటుంది. లాగి బయటికి తీయకండి. ఒక గది పూర్తిగా దానికే వదిలేయండి. అందులో అట్టపెట్టె, పాత చీర ముక్క, తిండి, నీళ్లు, వాటికి దూరంగా ఇంకో మూలన లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలు పోయడానికి ఇసుకలాంటిది నింపిన పళ్లెం) పెట్టండి. మీరు లోపలికి వెళ్లి నేల మీద ఊరికే కూర్చోండి, దాని వైపు చూడకండి. గదిలోకి మార్చిన రెండో రాత్రి నేను ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క అరచేతిలో పెట్టుకుని అలాగే పడుకున్నాను. ముందు మీసాలు తగిలాయి, తర్వాత చల్లగా ముక్కు. ముక్క పట్టుకుని మళ్లీ పెట్టెలోకి పోయింది.

కొన్ని మూడు రోజుల్లో తేరుకుంటాయి, కొన్నిటికి రెండు వారాలు పడుతుంది. కానీ రోజంతా ఏమీ తినకపోతే పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి. చిన్న కూన అయితే అంతసేపు కూడా ఆగొద్దు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

పాత పిల్లి బుస్సుమంటోంది, మీద పడుతోంది

బుస్సుమనడం గొడవ కాదు, ‘దగ్గరికి రాకు’ అని చెప్పడం. దానికి తిట్టకండి. చెవులు వెనక్కి అణిచి కన్నార్పకుండా చూడటం, దారికి అడ్డంగా కూర్చోవడం, తరమడం మొదలైతే మాత్రం తలుపు మళ్లీ మూసేయాలి.

ముందు వాసన అలవాటు చేయండి. మెత్తటి గుడ్డతో ఒకదాని బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను రెండోదాని తిండి పళ్లెం పక్కన పెట్టండి. తర్వాత మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టండి. మొదట ఐదారు అడుగుల దూరంలో, రోజూ కొంచెం దగ్గరికి జరుపుతూ. తినడం ఆపేసి తలుపు వైపే చూస్తుంటే మీరు తొందరపడ్డట్టే, పళ్లెం మళ్లీ వెనక్కి జరపండి. మాకు దోమల జాలీ తలుపు చాలా పనికొచ్చింది: ఒకదానికొకటి కనిపిస్తాయి, కానీ అందవు. జాలీకి అటూ ఇటూ ప్రశాంతంగా తిన్నాకే, ఐదేసి నిమిషాలు ఒకచోట వదిలాం. మొత్తం ఐదు వారాలు పట్టింది.

కొట్టుకుంటే చెయ్యి అడ్డం పెట్టకండి, మధ్యలో అట్టముక్క పెట్టండి. ఇంకొకటి, కొత్తదాన్ని డాక్టర్‌కి చూపించకుండా కలపొద్దు. పిల్లుల పార్వో (ప్రాణాల మీదికి తెచ్చే వైరస్ జబ్బు) మన చేతులు, చెప్పుల ద్వారా కూడా పాకుతుంది. పాతదాని టీకాలు కూడా సరిచూసుకోండి.

ట్రే వదిలేసి పరుపు మీద పోస్తోంది

ట్రేలు చాలకపోవడమో, మురికిగా ఉండటమో, ఇంకో జంతువు కాపు కాయడమో. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు, వేర్వేరు చోట్ల. మరకను నల్ల ఫినాయిల్‌తో కడగకండి, అందులోని ఫినాల్ పిల్లులకు విషం. మగపిల్లి ట్రేలో ముక్కుతూ కూర్చున్నా చుక్క రావడం లేదంటే అది అలక కాదు, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కుక్క వెంటపడుతోంది

పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. కలిపిన ప్రతిసారీ కుక్కకు గొలుసు ఉండాలి, పిల్లికి బీరువా పైనో షెల్ఫ్ మీదో ఎక్కే దారి ఉండాలి. కుక్కకు వేసే పిడుదుల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లికి అది ప్రాణాంతకం, డబ్బా మీద చదవకుండా వాడొద్దు.

విరేచనాలు

తిండి మారినా, నులిపురుగులున్నా అవుతాయి. ముందు పాలు ఆపండి, చాలా పిల్లులకు అరగవు. రక్తం పడినా, కూన నీరసించినా డాక్టర్ దగ్గరికే.

పిల్లి పాపను రక్కింది

పొట్ట పట్టి ఎత్తడం, నిద్రలో లేపడం, దాక్కున్నప్పుడు చెయ్యి పెట్టడం: చాలాసార్లు ఇవే కారణాలు. మా పాపకు మూడు మాటలే నేర్పాం. కూర్చో, వేలు చూపించు, అది వచ్చి బుగ్గ రుద్దితేనే నిమురు. తోక టపటపా కొడుతుంటే చెయ్యి తీసేయాలి. చిన్నపిల్లలున్నంతకాలం పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

రక్కినా, కరిచినా వెంటనే సబ్బు రాసి, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. గాయం చిన్నదే కదా అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, రేబిస్ టీకా గురించి అడగండి.